ఆయన పేరుతో పదహారు పేజీలు

“మరయితే ఇది ఎవలు రాసేరు?”

కనకం అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ త్రినాథరావు ఏదో ఒకటి చెప్పి దాటేశాడు. ఈసారి కనకం ఆయన వైపు చూడలేదు. నేరుగా మాధవీలతనే అడిగింది.

బఠాణీలు ఒలుస్తున్న మాధవీలత చేతులు ఆగిపోయాయి.

ఆదివారం పొద్దున్న. హిందీ మాట్లాడే ఊళ్లో రైల్వే క్వార్టర్ వరండాలో నలుగురే ఉన్నారు. స్టూలు మీద త్రినాథరావు, చాప మీద మాధవీలత, మెట్టు మీద కనకం. కనకం కూతురు మైత్రి మాత్రం కూర్చోనంటే కూర్చోనని గుంజకి ఆనుకుని నిలబడింది. ఆమె చేతిలో మద్రాసు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరం నకలు ఉంది.

ఆ నకలు తీయించింది త్రినాథరావే. “మీ అమ్మకి చదివి వినిపించమ్మా, సంతోషిస్తుంది” అని మైత్రి చేతిలో పెట్టింది కూడా ఆయనే. అదే కొంప ముంచింది.

నాలుగు రోజులుగా ఆ ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది. త్రినాథరావు పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆ ఉద్యోగం చేసుకుంటూనే పన్నెండేళ్లుగా ఈ ముందుగదిలోంచి ‘బెంచీ’ అనే సినిమా పత్రిక నడుపుతున్నాడు. నిర్మాతల ప్రకటన ఒక్కటి కూడా ఏనాడూ వేసుకోలేదు. తారల ముఖచిత్రాలు వేయలేదు. మొదట్లో మాధవీలత స్టెన్సిలు కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఇస్తే, సైక్లోస్టైల్ తీసి పంచేవాడు. ఇప్పుడు విశాఖపట్నంలో అచ్చయి రైలు బ్రేకువ్యానులో కట్టలు వస్తున్నాయి. అలాంటి పత్రికకి మద్రాసులో చిత్రసీమ సాంకేతికుల సమాఖ్య ఈ ఏటి సృజనాత్మక కృషి పురస్కారం ఇస్తామని రాసింది. కాలనీలో తెలుగువాళ్లంతా వచ్చి త్రినాథరావు చేతులు పట్టుకుని ఊపి వెళ్లారు.

ఉత్తరంలో సగం ఒకే శీర్షిక గురించి ఉంది. ‘కేబిన్ కిటికీ’. రాసినవాడు రమణమూర్తి, కనకం మొగుడు, మాధవీలతకి వరసకి అన్నయ్య. క్యారేజీ షెడ్డులో ఫిట్టరు. ఆదివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సినిమా మిషను నడిపేవాడు. సినిమా గురించి అందరూ రాస్తారు. మిషను గది కిటికీలోంచి కిందికి చూసి, సినిమా చూసేవాళ్ల గురించి రాసినవాడు రమణమూర్తి ఒక్కడే.

“సభకి రమణమూర్తిగారిని కూడా తప్పక తీసుకురాగలరు” అని రాశారు మద్రాసు వాళ్లు. పాపం వాళ్లకి తెలియదు. రమణమూర్తి పోయి ఏడాదిన్నర అయింది.

“మళ్లీ చదువుతాను, వినండి మావయ్యా,” అంది మైత్రి. “‘గులాబ్ టాకీసులో జనవరి ఇరవయ్యారు నాటి ఆఖరాట గురించి రాసిన వ్యాసం ఒక్కటి చాలు, ఈ పత్రికకి ఏ పురస్కారమైనా ఇవ్వొచ్చు.’ అచ్ఛా. సదర్ బజార్ వెనక గులాబ్ టాకీసు మూతపడింది పోయినేడు జనవరి ఇరవయ్యారున. నేనే చూశాను తాళం వేయడం. పప్పా పోయింది అంతకు ముందు ఆగస్టులో. ఇదేం హిసాబ్?”

“మూసేస్తారని ఊళ్లో ఎప్పట్నించో అనుకుంటున్నదే కదమ్మా,” అన్నాడు త్రినాథరావు. “మూర్తి ముందే ఊహించి...”

“తారీఖు కూడా ఊహించారా?”

త్రినాథరావు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“నిన్నే వదినా,” అంది కనకం. గొంతు పెంచలేదు. “నాకు తెలుగు సదవడం రాదు. ఇక్కడే పుట్టేను, ఇస్కూల్లో హిందీయే నేర్పేరు. ఆయన రాసినవి నెలనెలా నువ్వే సదివి ఇనిపించేవు. ఈ టాకీసు సంగతి నాకు సదవనేదేటి?”

మాధవీలత బఠాణీల పళ్లెం పక్కకి జరిపింది.

టాకీసు వ్యాసం వచ్చిన నెల ఆమె కనకం ఇంటికి వెళ్లి, కొత్త సంచిక చేతిలో పట్టుకుని, ఎప్పటిదో పాత వ్యాసం నోటికొచ్చినంత చదివి వచ్చేసింది. అక్షరం రాని మనిషి ముందు కాగితం పట్టుకుని మోసం చేయడం ఎంత సులువో ఆ రోజే తెలిసింది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయింది.

“నేనే రాశాను వదినా,” అంది.

మైత్రి చేతిలో కాగితం చప్పుడైంది.

“ఆ ఒక్కటీనా?”

“కాదు.”

“ఎన్ని?”

“అన్నయ్య పోయాక మొదటి నెల వేసింది ఒకటే ఆయనది. ఆ తర్వాత పదహారు. అన్నీ నేనే.”

పక్క క్వార్టర్లో ఎవరో కుక్కర్ మూత తీశారు. కనకం మెట్టు మీదే కూర్చుని వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టింది.

ఆ అబద్ధం ఎలా పుట్టిందో మాధవీలతకి నిన్న జరిగినట్టే ఉంది. రమణమూర్తి షెడ్డులోనే గుండె ఆగి కూలిపోయిన మూడో వారం. ఆయన ముందుగా రాసి ఇచ్చిన పేజీ అచ్చయి వచ్చింది. మాధవీలత దాన్ని కనకం దగ్గర కూర్చుని చదివింది. పదమూడు రోజులూ కన్నీటిచుక్క రాల్చని కనకం ఆ పేజీ వింటూ మొదటిసారి భోరుమంది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, “ఇంకా ఉన్నాయా వదినా?” అని అడిగింది.

లేవు. లేవని చెప్పడానికే మాధవీలత నోరు తెరిచింది. “ఉన్నాయి” అని వచ్చింది.

అంతే. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి పదహారు నెలలు రాసింది. షెడ్డువాళ్లలో ఆ సంగతి పోల్చినవాళ్లు లేకపోలేదు. ఆడమనిషి దుఃఖం ముందు ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకున్నారు.

“అయితే,” అంది కనకం. “ఆ నవ్వు సంగతి?”

మాధవీలత తల వంచుకుంది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. మద్రాసు ఉత్తరం వచ్చిన రోజు నుంచీ దీని గురించే భయపడింది. పురస్కారం గురించి కాదు.

పోయినేడు ఉగాది సంచికలో వచ్చింది ఆ నవ్వు సంగతి. ‘హాస్యం సీను రాగానే నేను తెర చూడను. ఆడవాళ్ల బెంచీల్లో మూడో వరస చివర చూస్తాను. అక్కడ మా ఇంటిది కూర్చుంటుంది. అందరూ నవ్వి ఆపేశాక, ఒక్క క్షణం ఆలస్యంగా, తనొక్కతే నవ్వుతుంది. ఆ నవ్వు కోసం నేను రీలు మార్చడం రెండుసార్లు మర్చిపోయాను.’

అంతే. ఐదు వాక్యాలు. కనకం వాటిని మాధవీలత చేత ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు. కుళాయి దగ్గర చెప్పుకుంది. మార్కెట్లో చెప్పుకుంది. ఊరవతల మోప్కాలో ఉంటున్న అప్పగారింటికి ప్రత్యేకం వెళ్లి చెప్పి వచ్చింది.

“ఇరవైరెండేళ్లు కాపరం సేసేను,” అంది కనకం. “కూర బాగుందని కూడా ఒక్కనాడు అన్నేదు. ఎదవ మనిషని కాదు. మాటలు రాని మనిషి. మాటలన్నీ కాగితం మీదే రాసుకునీవోడు. ఆ కాగితంలో నానున్నానని తెలిసిననాడు... సెప్పు వదినా. ఆయన నీతో ఎప్పుడైనా అన్నాడా? అది ఇని రాసేవా? నీ సొంతంగా రాసీసేవా?”

‘అన్నాడు’ అనేస్తే అయిపోతుంది. త్రినాథరావు కళ్లు కూడా అదే చెప్పమంటున్నాయి. ఒక్క మాట. ఇన్ని ఆడినదానికి ఇంకొకటి.

“ఆయన అనలేదు వదినా,” అంది మాధవీలత. “నేను నీ పక్కన కూర్చునేదాన్ని కదా. నువ్వు ఆలస్యంగా నవ్వడం నేను చూసేదాన్ని.”

కనకం మెల్లగా తలాడించింది. ఎవరో అడ్రసు చెబితే విని, అర్థమైందన్నట్టు.

“అయితే ఆయన సూడనేదన్నమాట.”

చెంగు సర్దుకుని లేచింది. మెట్టు దిగింది. మాధవీలత వెనకే రెండడుగులు వేసి “వదినా” అంది. కనకం తిరిగి చూడలేదు. మైత్రి ఉత్తరం నకలును మడతపెట్టి స్టూలు మీద, త్రినాథరావు మోకాలి పక్కన పెట్టి, తల్లి వెనకాలే వెళ్లిపోయింది.

*

“ఎందుకు చెప్పావు?”

“అడిగింది.”

“అడిగితే? అన్నాడనేస్తే నీ సొమ్మేం పోయింది?”

మాధవీలత కంచంలో అన్నం పెడుతోంది.

“ఆవిడ మనసు ముక్కలు చేసి పంపావు. అదేదో ధర్మం అనుకుంటున్నావు.”

“ధర్మమని కాదు. మొహంలో మొహం పెట్టి అడిగితే నా వల్ల కాలేదు. కాగితం అడ్డు ఉంటే ఆడగలిగాను అబద్ధం. అడ్డు లేకపోతే ఆడలేకపోయాను.”

త్రినాథరావు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

“సరే, అయిందేదో అయింది. ఆ తల్లీకూతుళ్లు బయటికి చెప్పుకోరు. వచ్చే గురువారానికి మద్రాసుకి జవాబు రాయాలి. మూర్తి కాలం చేశాడని రాస్తాను. ముందే రాసిపెట్టిన వ్యాసాలని రాస్తాను.”

“మద్రాసుకి కూడా నిజమే రాద్దామండీ.”

“పిచ్చి పట్టిందా నీకు?”

“పట్టలేదు.”

“వెనక్కి తీసుకుంటారు. తెలుసా? చచ్చినవాడి పేరు పెట్టి రాసుకున్నారని పది పత్రికల్లో వేస్తారు. పన్నెండేళ్లు మాధవీ! సెలవులన్నీ దీనికే తగలేశాను. పిల్లలు లేని లోటు దీంతోనే పూడ్చుకున్నాం అని నువ్వే ఎన్నోసార్లు అన్నావు. ఇప్పుడు నీ చేత్తో దీని పీక నులిమేస్తావా?”

“తీసుకుంటే తీసుకోనివ్వండి.”

“నీకేం! ఎంతైనా అంటావు.” ఆయన గొంతు హఠాత్తుగా తగ్గిపోయింది. “ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో తెలుసా? ఇరవైసార్లు చదివుంటాను. ఎక్కడైనా నా సంపాదకీయం గురించి ఒక్క ముక్క ఉంటుందేమోనని. లేదు. మూర్తి రాసినవి మెచ్చుకున్నారు. నువ్వు రాసినవి మెచ్చుకున్నారు. నూటనలభై సంపాదకీయాలు రాశాను, ఒక్కటీ వాళ్ల కంటికి ఆనలేదు. అయినా సంతోషించాను. నా పత్రికే కదా అనుకున్నాను.”

మాధవీలత చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాతికేళ్ల కాపరంలో ఈ మనిషి తన లోపల ఇంత చిన్నబోయి ఉన్నాడని ఆమెకి తెలియదు. ఏదో అనాలని వెతుక్కుంది. ఏమన్నా అది ఓదార్పులాగే వినిపిస్తుంది. ఆయనకి ఓదార్పంటే గిట్టదు.

“మజ్జిగ పోయనా?” అంది చివరికి.

“వద్దు.”

చెయ్యి కడుక్కుని, రెండు గంటల డ్యూటీకి గంట ముందే బయల్దేరిపోయాడు.

ఖాళీ ఇంట్లో ఆమె వాకిలి తలుపు వేసి, రాతబల్ల దగ్గర కూర్చుంది. అక్కడ కూర్చుంటేనే ఆమెకి అసలు సిగ్గు వేసింది. పన్నెండేళ్లు ఇతరుల రాతలకి సాపు ప్రతులు రాసింది. తనకంటూ ఒక వాక్యం ఉందని ఎప్పుడూ అనుకోలేదు. రమణమూర్తి గొంతు ఎత్తుకున్న మొదటి రోజు ప్రతి వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది. నాలుగో నెలకి కొట్టివేతలు ఆగిపోయాయి. ఆరో నెలకి ఎప్పుడెప్పుడు నెల తిరుగుతుందా అని ఎదురుచూసింది. కనకం కోసమే రాస్తున్నానని తనకి తాను చెప్పుకుంది కానీ, రాస్తున్నంతసేపూ ఆమె సంతోషంగా ఉంది. అన్నయ్య చచ్చిపోయిన చోట తను బతికింది.

ఇది కనకంతో చెప్పలేదు. ఎవరితోనూ చెప్పలేదు.

*

నాలుగు దాటాక మైత్రి ఒక్కతే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో తెల్లకాగితాలు.

“అమ్మ పొద్దున్నించి ఏమీ తినలేదు. ‘మంచినీళ్లు తాగమ్మా’ అంటే గోడవైపు తిరిగి పడుకుంది.”

“కూర్చో అమ్మా.”

“కూర్చోడానికి రాలేదు అత్తయ్యా.” అంటూనే కూర్చుంది. తండ్రి పోయాక ఆ ఉద్యోగానికి బదులు డివిజనల్ ఆఫీసులో టైపిస్టుగా చేరిన పిల్ల. ఇరవైరెండేళ్లు. ఆఫీసులో చేరాక మాటలో పదును వచ్చింది. “మిమ్మల్ని ఎంత తిట్టాలో అంత దారిలోనే తిట్టుకుంటూ వచ్చేశాను. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. సచ్ బోలో. మద్రాసుకి ఏం రాస్తారు?”

“మీ మావయ్య ఒప్పుకోవడం లేదు.”

“మావయ్యని అడగలేదు. రాసింది మీరు.”

మాధవీలత రాతబల్ల మీది కాగితాలు పక్కకి జరిపింది.

“నా మాట వినండి. అంత పెద్ద సభలో పప్పా పేరు పిలుస్తారు. చప్పట్లు కొడతారు. పప్పా రాయనిదానికి! నేను, అమ్మ ముందు వరసలో కూర్చుని నవ్వాలా? పప్పా రాసినవి కూడా ఉన్నాయి కదా అత్తయ్యా. పదేళ్లు రాశారు. అవి ఆయనవి. మీవి మీవి. రెండూ కలిపేస్తే ఆయనవి ఏవో ఎవరికీ తెలియకుండా పోతుంది. నాక్కూడా.”

మైత్రికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. తండ్రి రాతని ఆమె కూడా మాధవీలత గొంతులోనే విన్నది.

“నాకు ఇంగ్లీషు రాదమ్మా,” అంది మాధవీలత.

“నేను రాస్తాను. మీరు చెప్పండి.”

మాధవీలత చెప్పింది. ఏ నెల నుంచి, ఎందుకు, ఎవరి కోసం. సంపాదకుడు తన మాట కాదనలేక వేశాడు తప్ప ఆయన తప్పు లేదని రెండుసార్లు రాయించింది. రమణమూర్తివి ఏవేవో సంచికల నెలలతో సహా చెప్పింది. తను రాసిన పదహారూ పురస్కారానికి లెక్క వేయొద్దని, ఇవ్వాలనుకుంటే అసలు రమణమూర్తి రాసిన వాటికే ఇవ్వమని కోరింది. మైత్రి ఎక్కడా తల ఎత్తలేదు. టాకీసు వ్యాసం దగ్గర మాత్రం కలం ఆపి, “అది చాలా బాగుందట కదా,” అంది, ఎటో చూస్తూ.

కింద మాధవీలత తెలుగులో సంతకం పెట్టింది. ఇన్నేళ్లలో ఆ పత్రికకి సంబంధించిన కాగితం మీద ఆమె పేరు పడడం అదే మొదలు.

*

మర్నాడు తొమ్మిదిన్నరకి మైత్రి మళ్లీ వచ్చింది.

“వేసేశాను అత్తయ్యా. స్టేషన్లో ఆర్.ఎం.ఎస్. తపాలా ఆఫీసులో ఇచ్చాను. బండి కూడా వెళ్లిపోయింది.”

త్రినాథరావు లోపల స్నానం చేస్తున్నాడు. మాధవీలత స్నానాల గదివైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుంది.

“అమ్మకి మీరే చెప్పండి,” అంది మైత్రి దారిలో. “మద్రాసుకి నిజం రాశామంటే కాస్త తెరిపిన పడుతుంది. గంట పర్మిషన్ తీసుకున్నాను. మీతో ఉంటాను.”

మాధవీలతకీ అలాగే అనిపించింది. పోయిన నవ్వు తను తెచ్చి ఇవ్వలేకపోవచ్చు. కనీసం మొగుడి పేరు మొగుడికి దక్కనిచ్చామని చెబితే, కనకం ఒక్కసారైనా తన వైపు చూడకపోతుందా?

కనకం పడుకుని లేదు.

తలంటు పోసుకుని, ఉతికిన నేత చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని ఉంది. చుట్టూ ‘బెంచీ’ సంచికలు. పదేళ్లవి ఒక పక్క దొంతరగా, పదహారూ ఒక పక్క దొంతరగా పేర్చి ఉన్నాయి. అక్షరం రాకపోయినా అట్టల రంగులనిబట్టి పోల్చుకున్నట్టుంది.

“రా వదినా,” అంది. “నువ్వొస్తావని తెలుసు.”

మైత్రి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నిన్నట్నించి ఇదే ఆలోచిస్తన్నాను,” అంది కనకం. “ఆయన నన్ను సూడనేదని నువ్వు సెప్పేవు. నీకెలా తెలుసు? ఆయన ఆ గదిలో ఒక్కడే ఉండీవోడు. కింద కూకున్నదానివి నీకు నా నవ్వు కనపడితే, పైన కిటికీ కాడ ఉన్నోడికి కనపడదా? సూసే ఉంటాడు. సెప్పనేదు. అంతే.”

“వదినా, నేను...”

“నన్ను సెప్పనీ.” కనకం చెయ్యెత్తింది. “కాదని సెప్పడానికి ఇప్పుడు ఆయన నేడు. అవునని సెప్పడానికి ఈ కాగితాలొక్కటే ఉన్నాయి. ఇవి కూడా ఆయనవి కాదంటే నాకింకేటి మిగిలింది? పించనీ, ఈ క్వార్టరూనా?”

ఆమె రెండు దొంతరలనూ దగ్గరికి లాక్కుంది. పదహారింటినీ ఎత్తి, పాతవాటి మీద పెట్టింది. అంచులు సమంగా సర్దింది.

“మద్రాసుకి నానొస్తాను. ఆయన పేరు పిలిస్తే నానే ఎక్కి తీసుకుంటాను. నువ్వు కింద కూకో. నువ్వు రాసేవని ఎవలికీ సెప్పొద్దు. బతికున్నన్నాళ్లూ సెప్పొద్దు. నాకు సేసినదానికి నీకదే శిచ్ఛ. ఒప్పుకుంటావా?”

మాధవీలత గుమ్మం వైపు చూసింది. మైత్రి మొహంలో నెత్తురు లేదు. తల్లి కంటపడకుండా గుమ్మం పక్కకి జరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. చెప్పొద్దంటోందో, ఒప్పుకోవద్దంటోందో తెలియడం లేదు.

కనకం మంచం మీద కాస్త జరిగి చోటిచ్చింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ, మొహం తేటగా ఉంది. నిన్నటి మనిషి కాదు.

“కూకో. నిలబడ్డావేటి?”

మాధవీలత కూర్చుంది.

“మరి ఒచ్చే నెల,” అంది కనకం, ఆమె చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంటూ, “ఆయన ఏటి రాస్తన్నాడు? సెప్పు. ఇంటన్నాను.”